చెరువును త్రాగు గాలి

నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అని మనవారి సామెత. పల్లమునకు పోవు నీటిని కన్నులార చూడవచ్చును. కాలువ త్రవ్వి మళ్ళింపవచ్చును, తూము మూసి ఆపవచ్చును, పొరుగు రైతు రాత్రివేళ మడవ తెంచుకొనినచో పంచాయతీ పెట్టవచ్చును. అయితే మీదికి పోవు నీరొకటి కలదు. అది పోవుట ఎవరికంటను పడదు. దానిని గూర్చి తగవు లేదు, పంచాయతీ లేదు. ఎండాకాలమున చెరువు కట్టమీద నిలిచి నిన్నటి నీటి గీటును నేటి గీటును పోల్చిచూచు రైతునకు మాత్రము ఎవరో దొంగ వచ్చి పోయినట్లు తోచును.

ఖమ్మము నుండి రాజమహేంద్రవరము పోవు దారిలో, మైదానము ముగిసి అడవి మొదలగు తావున సత్తుపల్లి యున్నది. తూర్పుగా దమ్మపేట, అశ్వారావుపేటల మీదుగా భద్రాచలపు మన్యము వైపు చెట్టు, గుట్ట, వాగు. పడమటగా కల్లూరు, తల్లాడ వైపు బయలు పొలములు. బేతుపల్లి పెద్దచెరువు, పెనుబల్లి వైపునున్న లంకాసాగరము, ఊరూరను గల చిన్న కుంటలు ఈ ప్రాంతపు మాగాణికి ప్రాణాధారములు. ఫాల్గుణము దాటినంతనే పడమటి గాలి వీచ నారంభించును. అది ఎండిన పొలములమీదుగా వచ్చును గనుక దానిలో తడి యుండదు. వచ్చి వచ్చి మొట్టమొదట తాకునది చెరువు నీటిని. తరువాత జరుగునదే నేటి ప్రసంగ విషయము. గాలి నీటిని ఎట్లు త్రాగును, ఎంత త్రాగును అను చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుటలో మనుష్యులు మూడువందల ఏండ్లకు పైగా గడిపిరి. ఆ సమాధానము చెరువు కట్టమీద గాక, తలుపులు మూసిన గదులలో, గాలిని గొట్టములలో తోలు యంత్రములలో చాలవరకు దొరకినది.

చెరువుల విషయమున మనవారికి గల తెలివి సామాన్యమైనది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి సంస్కృత శాసనమొకటి కలదు. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు అచ్చట చెరువు త్రవ్వించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లపాటు ఆ పనిలో నుండిరని శాసనము చెప్పుచున్నది. అంతకంటె విలువైన విషయ మేమనగా, మంచి చెరువునకు పండ్రెండు అంగములు, చెడ్డ చెరువునకు ఆరు దోషములు కలవని అందులో లెక్క వ్రాసిరి. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, నడుమ తాబేటి వీపువలె మెరక లేచియుండుట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరెక్కువై ఆయకట్టు తక్కువగుట అనునవి ఆ ఆరు దోషములు. పొలిమేర దోషమును చదివినపుడు, 2014 నుండి రెండు రాష్ట్రముల సరిహద్దు ప్రక్కన నున్న సత్తుపల్లి వారికి చిరునవ్వు రాకమానదు. ఊటకు ఆ పట్టికలో మొదటి స్థానము లభించినది. ఆవిరికి స్థానమే లేదు. సూర్యుడు తన కిరణములతో నీటిని గ్రహించి వానగా మరల నిచ్చునని నమ్మిన జాతి మనది. తిరిగి వచ్చు సొమ్మును నష్టముగా ఎవరు వ్రాసికొందురు? అయినను నడుమ మెరకను దోషముగా ఎంచుటలో ఒక సూక్ష్మము కలదు. మెరకమీద నీరు పలుచగా పరచుకొనును. పలుచగా పరచుకొనిన నీరు ఆవిరికి సులభముగా దొరకును. ఆ పట్టిక వ్రాసినవారు ఆ సంగతి తలచి వ్రాసిరని చెప్పను గాని, వారి అనుభవము వారికి సరియైన దారినే చూపినది.

ఆవిరిని తూకము వేసి చూచిన తొలివారిలో ఇంగ్లండు దేశీయుడగు ఎడ్మండ్ హాలీ ఒకడు. తోకచుక్కకు ఆయన పేరుండుటచేత ఆయనను మనము ఎరుగుదుము. 1687లో ఆయన ఒక పళ్ళెములో ఉప్పునీరు పోసి, వేసవినాటి గాలికి గల వెచ్చదనము దానికి కల్పించి, త్రాసునకు కట్టి, బరువు తగ్గుటను గమనించెను. ఆ లెక్కను మధ్యధరా సముద్రమునకు పెంచి చూడగా, ఒక వేసవి దినమున ఆ సముద్రము 528 కోట్ల టన్నుల నీటిని పోగొట్టుకొనుచున్నదని తేలెను. దానిలో పడు తొమ్మిది పెద్ద నదులు తెచ్చి పోయునది సుమారు 183 కోట్ల టన్నులు మాత్రమే. ఇన్ని నదులు పడుచున్నను సముద్రము ఏల నిండి పొర్లదను పాతప్రశ్నకు దీనితో ఒక జవాబు దొరకినది. 1693లో హాలీ మరియొక ప్రయోగము చేయించెను. ఎండగాని గాలిగాని సోకని మూసిన గదిలో పళ్ళెము నుంచి ఏడాదిపాటు కొలువగా, పోయిన నీరు 8 అంగుళముల లోతు మాత్రమే. అంత కొద్ది ఆవిరి వానలకు చాలదు. మిగిలినదంతయు ఎండయు గాలియు చేయు పని కావలయునని ఆయన నిశ్చయించెను. గదిలోని ఆ పళ్ళెము ఈ చరిత్రలో గొప్ప పాత్ర. ఒకదానిని తెలిసికొనవలెనన్న దానిని తొలగించి చూడుమను పద్ధతికి అది చక్కని ఉదాహరణము.

తరువాత నూరేండ్లకు మాంచెస్టరు నగరమున జాన్ డాల్టన్ ఈ విషయమునకు సూత్రము కట్టెను. పరమాణువాదమునకు ఆద్యుడైన డాల్టనే ఇతడు. 1802లో ప్రకటించిన వ్యాసమున ఆయన చెప్పిన మాట నేటికిని మారలేదు. నీటి ఉపరితలముపై ఆవిరికి గల ఒత్తిడికిని, పైగాలిలో అదివరకే యున్న ఆవిరి ఒత్తిడికిని ఎంత వ్యత్యాసమున్నదో, నీరు అంత వడిగా ఆవిరియగును. ఆషాఢమున గాలి హోరున వీచుచున్నను తడిబట్ట ఆరకపోవుట, చైత్రమున గాలి లేకున్నను గడియలో ఆరుట ఇందువలననే. గాలి సంగతిని కూడ ఆయన విడువలేదు. 6 అంగుళముల వ్యాసము గల పాత్రలోని మరుగునీటికి లెక్క కట్టి, నిలుకడ గాలిలో నిమిషమునకు 120 గ్రెయినులు, ఓ మోస్తరు గాలిలో 154, పెనుగాలిలో 189 గ్రెయినులు పోవునని వ్రాసెను. గాలి పెరిగినకొలది ఆవిరి పెరుగుచున్నది, కాని గాలి ఎంత పెరిగెనో అంతగా పెరుగుటలేదు. ఎందువలన? ఈ ఎందువలనకు జవాబు వచ్చుటకు మరి నూరేండ్లు పట్టినది.

1904వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీలోని హైడెల్బర్గు పట్టణమున గణితవేత్తల అంతర్జాతీయ సభ జరిగినది. లుడ్విగ్ ప్రాంటల్ అను ఇరువదితొమ్మిదేండ్ల ఆచార్యుడు అక్కడ ఒక చిన్న ప్రసంగము చేసెను. ప్రవహించు నీటికిగాని గాలికిగాని గోడను తాకినచోట వేగము సున్న. గోడకు కొంత దూరమున పూర్తి వేగము. ఈ రెండింటి నడుమ ఒక పలుచని పొర యున్నది, రాపిడి చేయు పనియంతయు ఆ పొరలోనే జరుగుచున్నది, దాని కావల రాపిడిని మరచిపోవచ్చును అని ఆయన చెప్పెను. దానినే శాస్త్రజ్ఞులు సరిహద్దు పొర అందురు. భద్రాచలము వద్ద గోదావరిలో ఎదురు నడుపు పడవవానికి ఈ పొర సంగతి అనాదిగా తెలియును. అందుకే అతడు నడియేటికి పోక ఒడ్డునంటి పోవును. ప్రాంటల్ చేసినది ఆ తెలివిని లెక్కలోనికి తెచ్చుట. విమానము రెక్కలు మొదలుకొని చెరువు నీటివరకు నూరేండ్ల శాస్త్రము ఆ చిన్న ప్రసంగమునుండి పుట్టినదనుట అతిశయోక్తి గాదు.

అయితే పొర రెండు విధములు. గాలి మెల్లగా సాగునపుడు పొరలు పొరలుగా, మడత విప్పిన చీరవలె, ఒకదానిమీద నొకటి జారును. వడి పెరిగినప్పుడు సుడులు పుట్టి అంతయు కలగాపులగ మగును. 1883లో మాంచెస్టరునందే ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టములో నీటిని పారించి, నడుమ సన్నని రంగు ధారను వదలి, ఈ రెండవ స్థితి ఎప్పుడు కలుగునో చూపెను. చెరువుమీద వీచు గాలి దాదాపు ఎల్లప్పుడు ఈ రెండవ జాతిదే. దానిని సంక్షోభ ప్రవాహ మందుము. ఆకాశమున ఈ సుడులు వేడిని, తడిని ఎట్లు మోయునో మొదట చక్కగా తెలిసికొనినవాడు జెఫ్రీ టేలర్. టైటానిక్ ఓడ 1912లో మునిగిన పిమ్మట మంచుగడ్డలను కనిపెట్టుటకు 1913లో పంపిన స్కోషియా అను నౌకలో ఆయన వాతావరణ పరిశీలకుడుగా పోయి, న్యూఫౌండ్లండు దగ్గర గాలిపటములు ఎగురవేసి, ఎత్తు పోయినకొలది వేడి తడుల మార్పును కొలిచెను. 1915లో దానిని ప్రకటించెను. ఒక్కొక్క అణువు తనంత తాను విస్తరించుటకంటె సుడులు దానిని ఎత్తి పారవేయుట ఎన్నో వేలరెట్లు బలమైనదని అప్పటికి స్పష్టమైనది.

ఇచ్చట కళ్ళమును తలచుకొందము. తూర్పారబట్టునపుడు గాలి పొట్టును దూరముగా మోసికొని పోవును. ఆ గాలియే కళ్ళపు నేలనంటిన సన్నని దుమ్మును కదలింపజాలదు. నేలనంటిన చోట సుడులకు కాలూనుటకు తావు లేదు. చెరువుమీదను ఇదియే జరుగుచున్నది. నీటిని విడిచిన ఆవిరి మొదటి వెంట్రుకవాసి దూరమును తనంత తాను, అణువు అణువుగా, ప్రాకి దాటవలయును. అది దాటినతోడనే సుడులు దానిని అందుకొని మీదికి చేర్చును. గాలి వడి పెరిగినపుడు ఆ వెంట్రుకవాసి పొర ఇంకను పలుచనగును గాని మాయము కాదు. డాల్టన్ పాత్రలో గాలితో సమముగా ఆవిరి పెరుగకుండుటకు ఒక ముఖ్యకారణ మిదియే.

ఇంతవరకు ఊహ. ఊహను కొలతతో పట్టుకొనవలెనన్న ఎదుట స్థిరమైన గాలి కావలెను. చెరువుమీది గాలి క్షణక్షణమునకు దిక్కు మార్చును, ఎండ మారును, మబ్బు వచ్చును. అందుచేత గాలి సొరంగము అక్కరకు వచ్చినది. విమానముల కొరకు పుట్టిన యంత్ర మిది. ఇంగ్లండులో 1871లో ఫ్రాన్సిస్ వెన్హామ్ తొలి సొరంగమును కట్టించెను, 1901లో రైట్ సోదరులు తమ రెక్కలను అటువంటి సొరంగములోనే పరీక్షించుకొనిరి. ఒక చివర పంకా, నడుమ నునుపైన పొడవాటి పెట్టె, దానిలో కోరిన వేగముతో గాలి. రెక్కకు బదులు నేలతో సమముగా ఒక నీటి పళ్ళెమును అమర్చినచో, కాలము మన చేతిలోనికి వచ్చినట్లే. 1924లో హైమస్, హించ్లీ అనువారు గాలి ధారలో నీటి పళ్ళెములను తూచిరి. 1935లో పవెల్, గ్రిఫిత్స్ అనువారు బల్లపరుపు తలములనుండియు, గుండ్రని స్తంభములనుండియు నీరు పోవు తీరును మరింత నిశితముగా కొలిచిరి.

ఈ కొలతలకు సిద్ధాంత మందించినవాడు ఆలివర్ గ్రాహం సట్టన్. 1934లో ఆయన ప్రకటించిన లెక్క ప్రకారము, గాలి వేగము రెట్టింపైనచో ఆవిరి రెట్టింపు కాక సుమారు 1.7 రెట్లగును. రెండవ ఫలితము అంతకంటె చిత్రమైనది. పళ్ళెము గాలి దిశలో పది రెట్లు పొడవైనచో, చదరపు అడుగునకు పోవు నీరు నూటికి ఇంచుమించు 22 వంతులు తగ్గును. గాలి మొదట తాకిన అంచున నీరు ఎక్కువగా పోవును. లోపలికి పోయినకొలది గాలి అప్పటికే త్రాగియున్నది గావున దాని దాహము తగ్గును. చెరువు నడిమి నీటికి అంచు నీరే గొడుగు పట్టుచున్నదని చెప్పవచ్చును.

సట్టన్ ఈ పని చేసినది ఎక్కడో చెప్పక తప్పదు. ఆయన ఆ కాలమున ఇంగ్లండులోని పోర్టన్ అను చోట, విషవాయువులనుండి రక్షణ కొరకై నెలకొల్పిన సైనిక పరిశోధనశాలలో నుండెను. మొదటి ప్రపంచయుద్ధమున మస్టర్డు గ్యాసు చేసిన ఘోరము వారి కండ్లయెదుట నున్నది. నిజమునకు అది నేలపై పడిన చుక్కలనుండి మెల్లగా ఆవిరియగు ద్రవము. అది ఎంతసేపు నిలుచును, గాలి దానిని ఎంత దూరము మోయును అనునవి అక్కడివారి ప్రశ్నలు. ఆ పరిశోధనశాలలోనే పనిచేసిన ఫ్రాంక్ పాస్క్విల్ 1943లో గాలి సొరంగమున బ్రోమోబెంజీను మొదలగు ద్రవములను ఆవిరిచేసి కొలిచి, సట్టన్ లెక్కలో ఒక సవరణ చేసెను. సట్టన్ గాలి జిగటను పెట్టినచోట పాస్క్విల్ ఆవిరి అణువులు విస్తరించు గుణమును పెట్టెను. అట్లు పెట్టినంతనే వేర్వేరు ద్రవముల కొలతలు ఒక్క త్రోవకు వచ్చినవి. మనము కళ్ళము చెంత తలచుకొనిన ఆ వెంట్రుకవాసి పొరకు ఇది ప్రత్యక్ష ప్రమాణము. మన చెరువుల నీటిలెక్క విషవాయువుల లెక్కలోనుండి వచ్చుట వినుటకు ఇంపుగా లేదు. అయినను అది జరిగినమాట. సట్టన్ తరువాత 1953 నుండి 1965 వరకు బ్రిటిషు వాతావరణశాఖకు అధిపతిగా నుండెను. ఆ లెక్కయు ఆయనతోపాటు శాంతికాలపు కొలువులోనికి వచ్చినది.

నీటి పళ్ళెములతో చిక్కులు పెక్కు. నీరు ఆవిరియగునపుడు చల్లబడును, చల్లబడినచో లెక్క మారును. మన కుండలో నీరు చల్లనగుట ఆ గుణమువలననే. అందుచేత ప్రయోగశాలలవారు మరియొక ఉపాయము పన్నిరి. మనము బట్టల పెట్టెలో వేయు కలరా ఉండలను ఎరుగుదుము గదా. వాటి నాఫ్తలీను కరగకుండగనే, గట్టిగా నుండియే గాలిలో కలియును. దానిని కరగించి కావలసిన ఆకారములో పోతపోసి, సొరంగములో నిలిపి, గాలి తోలి, ముందు వెనుక తూచినచో ఎంత పోయినదో తెలియును. ఏ చోట ఎంత అరిగినదో సూక్ష్మముగా కొలిచినచో పొర ఎక్కడ పలుచగా నున్నదో, ఎక్కడ మందముగా నున్నదో పటము గీచినట్లు కనబడును. యంత్రముల రెక్కలు చల్లార్చు విధము తెలియుటకు సైతము దీనిని వాడుదురు. వేడి పోవు తీరును, పదార్థము పోవు తీరును ఒకే అచ్చున పోతపోసినవని 1934లో అమెరికాలో చిల్టన్, కోల్బర్న్ అను ఇంజనీర్లు చూపియుండిరి. ఒకటి కొలిచినచో రెండవది తెలిసినట్లే.

మన దేశమున ఈ విద్య వెనుకబడలేదు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో 1942 చివర విమానశాస్త్ర శాఖ ఏర్పడి, పెద్ద గాలి సొరంగములు వెలసినవి. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయన ఇంజనీర్లు గాలికి బదులు ద్రవమును, తూకమునకు బదులు విద్యుత్తును ఎన్నుకొనిరి. ద్రావణములోని అణువు ఎలక్ట్రోడును చేరినప్పుడెల్ల కొంత విద్యుత్తు పారును. ఆ విద్యుత్తును కొలిచినచో ఎన్ని అణువులు పొరను దాటెనో లెక్క తేలును. జి.జె.వి. జగన్నాథరాజు, సి. వెంకటరావు గారలు 1965లో ప్రకటించిన పని ఈ మార్గములోనిదే. ద్రవములో తేలియాడు గట్టి రేణువులు ఆ పొరను ఎట్లు చెదరగొట్టునో వారు పరిశీలించిరి. అదే విశ్వవిద్యాలయమున వి.పి. సుబ్రహ్మణ్యంగారు అంతకు ముందే, 1956లో, భారతదేశమున ఎక్కడ ఎంత వాన పడును, నేలయు చెట్టును కలసి ఎంత తిరిగి గాలికి ఇచ్చును అను జమాఖర్చును థార్న్‌త్వెయిట్ పద్ధతిలో వ్రాసిరి. వాల్తేరు కొండమీద ఒక శాఖ పొరను వెంట్రుకవాసి దగ్గర చూచినది, మరియొక శాఖ దేశమంత దూరమునుండి చూచినది.

సొరంగములోని పళ్ళెమునకు, నిజమైన చెరువునకు నడుమ వంతెన వేసినది అమెరికాలోని ఓక్లహోమా నగరము దగ్గరి లేక్ హెఫ్నర్ అను జలాశయము. సుమారు 2,500 ఎకరముల విస్తీర్ణము గల ఆ జలాశయమునకు వచ్చు నీరు, పోవు నీరు రెండును కచ్చితముగా కొలువ వీలుండుటచే దానిని ఎన్నుకొనిరి. 1950, 1951 సంవత్సరములలో ప్రభుత్వ శాఖలు కలసి అక్కడ పరికరములు నిలిపి, జమాఖర్చులో తేలిన ఆవిరిని సిద్ధాంతములు చెప్పిన ఆవిరితో సరిచూచినవి. చాల సూత్రములు ఆ పరీక్షలో వీగిపోయినవి. నిలిచిన కొద్దింటిలో సట్టన్ సూత్రమొకటి. ఆ కాలముననే కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్ అను చోట జాక్ సెర్మాక్ అను ఇంజనీరు తన సహచరునితో ఆ జలాశయపు నమూనాను చిన్నదిగా చేయించి, గాలి సొరంగములో పెట్టి, దానిమీద గాలి నడచు తీరును, ఆవిరి పోవు తీరును పరీక్షించెను. చెరువును పెట్టెలో పెట్టిన మొనగాడు! తరువాత 1964లో న్యూయార్కు జంట శిఖరములకు గాలి తాకిడి పరీక్ష జరిగినదియు ఆయన సొరంగముననే.

ఈ కథలో నాకు మిక్కిలి ముచ్చట గొలుపునది ఒక చిన్న అంకె. 1962లో హార్బెక్ అను అమెరికను పరిశోధకుడు, చిన్న మడుగులు మొదలు వేలాది ఎకరముల జలాశయముల వరకు కొలతలను ప్రోగుచేసి, విస్తీర్ణము పెరిగినకొలది చదరపు గజమునకు పోవు ఆవిరి ఎట్లు తగ్గునో సూత్రము కట్టెను. దాని ప్రకారము చెరువు విస్తీర్ణము నూరు రెట్లైనచో ఆవిరి వడి నూటికి 20 వంతులు తగ్గును. విస్తీర్ణము నూరు రెట్లనగా పొడవు పది రెట్లు. సట్టన్ లెక్కలో పొడవు పది రెట్లైనచో 22 వంతుల తగ్గుదల వచ్చినదని పైన చెప్పుకొంటిమి. అడుగుల కొలదిగా నున్న పళ్ళెమునకును, మైళ్ళ కొలదిగా నున్న సరస్సునకును ఒకే ధర్మము! హైడెల్బర్గు ప్రసంగమునకు ఇంతకంటె గొప్ప సాక్ష్యము వేరొకటి కనబడదు.

ఇక మన ఇంటి లెక్క. మన వాతావరణ కేంద్రముల ఆవరణలలో 1.22 మీటర్ల వ్యాసము, 25 సెంటీమీటర్లకు కొంచెము పైగా లోతు గల ఒక పళ్ళెముండును. దానిమీద తీగవల యుండును. అన్ని దేశముల పళ్ళెములకును ఈ వల యుండదు. మన పక్షులు, పశువులు దాహమునకు ఆగవు గనుక పెట్టిరి. ఆ వల గాలిని అడ్డగించి ఆవిరిని నూటికి 14 వంతులు తగ్గించును, ఆ తగ్గుదలను మరల లెక్కలో కలుపుకొనవలయును. కాకి త్రాగకుండ కాపాడబోగా గాలియు త్రాగలేకపోయినది! పళ్ళెములో పోయినంత చెరువులో పోదు. లేక్ హెఫ్నర్ దగ్గర పళ్ళెమునకు ఒక అడుగు పోయినచోట జలాశయమునకు 0.7 అడుగే పోయినది. లోహపు పళ్ళెపు ప్రక్కలు ఎండకు కాగుట ఒక కారణము. పళ్ళెమంతయు అంచే యగుట, దానికి గొడుగు పట్టువారు లేకుండుట రెండవ కారణము.

పెద్ద జలాశయముల లెక్క న్యాయస్థానముల వరకు పోయినది. కృష్ణా జలముల పంపిణీకై నియమితమైన బచావత్ ట్రిబ్యునలు 1973లో నివేదిక నిచ్చి 1976లో ముగించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు 800 టి.ఎం.సి.లు కేటాయించుచు, అందులో శ్రీశైలము ఆవిరికి 33, నాగార్జునసాగరము ఆవిరికి 17 టి.ఎం.సి.లు చూపినది. అనగా గాలికిని ఒక వాటాదారుగా పేరు పడినది. శ్రీశైల జలాశయము నిండినపుడు విస్తీర్ణము సుమారు 615 చదరపు కిలోమీటర్లు. 33 టి.ఎం.సి.లను దానిపై పరచినచో లోతు ఒకటిన్నర మీటరు. సాగరమునకు 285 చదరపు కిలోమీటర్లు, దానికి లోతు 1.7 మీటర్లు. రెండు చోట్లను ఇంచుమించు ఒక మనిషి నిలువులోతు. తల్లాడ, కల్లూరు వైపు పొలములకు పారు సాగరు ఎడమకాలువ నీరు ఆ వాటా తీసివేసిన పిమ్మట మిగిలినదే.

నూరెకరముల చెరువొకటి ఉన్నదనుకొందము. ఒకటిన్నర మీటరు చొప్పున ఏటికి సుమారు 6 లక్షల ఘనమీటర్ల నీరు పైకి పోవును. వరి పైరొకటికి 1.2 మీటర్ల లోతు నీరు కావలెనను సాధారణపు లెక్కను పట్టినచో, ఆ నీటితో 125 ఎకరములు పండును. చెరువు ఏడాది పొడుగున నిండియుండదు, ఎండాకాలమునకు కుదించుకొని పోవును గనుక నిజమునకు అంత పోదు. చెరువుమీద వానయు పడును గదా యని ఎవరైన అనవచ్చును. పడును, కాని వాన నాలుగు మాసములలో వచ్చి అలుగు దాటి పోవును, గాలి మాత్రము పండ్రెండు మాసములును త్రాగును. సగము తీసివేసినను, చెరువు క్రింది రెండవ పంటకు ఆశపడిన అరువది కుటుంబముల ఆశ అందులో నున్నది. తూము లస్కరు మీద పడు అపవాదులలో కొన్ని గాలికి చెందవలసినవే.

చెరువు సంగతియే కాదు. సత్తుపల్లి ప్రక్కన సింగరేణివారి ఉపరితల బొగ్గు గనులున్నవి. లారీలు నడచు బాటలమీద దుమ్ము లేవకుండ ట్యాంకర్లతో నీరు చల్లుచుందురు. చల్లిన తడి ఎంతసేపు నిలుచును, మరల ఎప్పుడు చల్లవలయును అను ప్రశ్నకును జవాబు ఆ పొరలోనే యున్నది. తడి యారిన పిదప అదే గాలి దుమ్మునెత్తి ఊరిమీద పోయును.

దీనికి మందు లేదా యని అడుగుట సహజము. 1950 దశాబ్దమున ఆస్ట్రేలియాలో మాన్స్‌ఫీల్డు అను శాస్త్రజ్ఞుడు హెక్సాడెకనాల్ అను మైనము వంటి పదార్థమును నీటిపై చల్లెను. అది ఒక్క అణువు మందమున పరచుకొని ఆవిరిని అడ్డగించును. గదిలోని పాత్రమీద అద్భుతముగా పనిచేసినది. 1958లో లేక్ హెఫ్నర్ మీద దానినే పరీక్షింపగా మిగిలిన నీరు నూటికి 9 వంతులు. గాలి వీచినంతనే పొర చిరిగి ఆవలి ఒడ్డునకు చేరును. ఏ గాలినుండి నీటిని కాపాడవలెనో ఆ గాలియే కాపలాదారును తరిమివేయుచున్నది. నా మట్టుకు ఈ ఉపాయమునందు ఎన్నడును గురి కుదురలేదు.

చెట్ల వరుస మేలు. గాలికి ఎదురుగా చెట్లున్నచో, వాటి ఎత్తునకు పది పదిహేను రెట్ల దూరము వరకు గాలి వడి తగ్గును. సత్తుపల్లి చెరువులకు అడవి తూర్పున నున్నది, వేసవిగాలి పడమటనుండి వచ్చుచున్నది. కావలివాడు పెరటి గుమ్మమున నుండగా దొంగ వీథి వాకిటనుండి వచ్చినట్లున్నది. పడమటి వైపున చెట్లు పెంచవచ్చును, కాని చెట్టును నీరు త్రాగునను మాట మరువరాదు. చిన్న కుంటలకు వరుస లాభించును, పెద్ద చెరువు నడుమకు దాని నీడ చేరదు. లోతు పెంచుట అన్నింటికంటె పాత మందు. ఒకే నీరు తక్కువ వైశాల్యమున నిలిచినచో గాలికి తక్కువగా దొరకును. తెలంగాణములో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతలో నీటి నిలువ పెంచుటయే ముఖ్యోద్దేశమైనను, పోరుమామిళ్ళ శాసనమున పేర్కొన్న తాబేటి వీపును చెక్కివేయు పనియు దానితోనే కొంత నెరవేరినది.

గోదావరి తీరముననే రామగుండములో మరియొక మార్గము నడచుచున్నది. అక్కడ ఎన్.టి.పి.సి. వారి జలాశయముమీద సుమారు 500 ఎకరముల మేర సౌరఫలకములను తేలవేసిరి. 100 మెగావాట్ల ఆ కేంద్రము 2022 జూలై 1వ తేదీన పూర్తిగా పనిలోనికి వచ్చినది. విద్యుత్తుతోపాటు ఏటికి 32.5 లక్షల ఘనమీటర్ల నీరు ఆవిరి కాకుండ నిలుచునని వారి లెక్క. 500 ఎకరములమీద పరచి చూచినచో లోతు 1.6 మీటర్లు. శ్రీశైలమునకు, సాగరమునకు తేలిన మనిషి నిలువులోతే ఇక్కడను వచ్చినది. ఫలకముల క్రిందను కొంత గాలి దూరుచునే యుండును గనుక ఆ అంకె కొంచెము ఉదారమైనదని నా అభిప్రాయము. అయినను ఫలకము ఎండను ఆపుటయే గాక, గాలి పొరను నీటికి బదులు తన వీపుమీద మోయుచున్నది. పడమటి గాలి అక్కడను వీచును. అది త్రాగవచ్చిన చోట నీటికి బదులు గాజు తగులుచున్నది.